రెండు ల్యాబ్‌లు, రెండు రిపోర్టులు: వంశపారంపర్య క్యాన్సర్ పరీక్షకు ప్రభుత్వ వైద్యంలో ఒకే పద్ధతి ఎందుకు లేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరులో ఉన్న అమ్మగారికి 52వ ఏట అండాశయ క్యాన్సర్ బయటపడింది. మొదటి ల్యాబ్ రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పుతో ముడిపడిన బ్రాకా1, బ్రాకా2 జీన్లు మాత్రం చూసి నెగెటివ్ అంది. తర్వాత ఇంకో డాక్టరు చెబితే వేరే ల్యాబ్‌లో వందకు పైగా జీన్లు చూపించారు. అందులో ఏటీఎం అనే జీన్‌లో 'వీయూఎస్' ఉందని వచ్చింది. ఇంగ్లండ్‌లో ఉన్న మీ చెల్లెలు ఆ కాగితం పట్టుకుని వెళ్తే, దీని ఆధారంగా మీకు పరీక్ష చేయం అని అక్కడి జెనెటిక్స్ క్లినిక్ వాళ్లు చెప్పారు. ఇక్కడి ల్యాబ్ ప్రతినిధి మాత్రం ఇంటిల్లిపాదీ చేయించుకోవాలి అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి, మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందరికీ ఒకే పద్ధతి ఎందుకు పెట్టరు అని మీ ప్రశ్న. నేను చాలా ఏళ్లు ఇలాంటి రిపోర్టులు రాసే ల్యాబ్‌లోనూ, తర్వాత వాటిని కుటుంబాలకు వివరించే ఓపీలోనూ పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు చెల్లెలి సంగతి. అక్కడివాళ్లు చెప్పిందే సరైన మాట. వీయూఎస్ అంటే, జీన్‌లో ఒక మార్పు కనిపించింది కానీ అది హాని చేసేదో కాదో ఇప్పుడున్న ఆధారాలతో తేల్చలేం అని ల్యాబ్ చెప్పడం. 2015లో అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర, మాలిక్యులర్ పాథాలజీ సంఘాలు కలిసి ఒక పద్ధతి రాశాయి. ఇప్పుడు చాలా దేశాల ల్యాబ్‌లు దాన్నే వాడుతున్నాయి. దాని ప్రకారం ప్రతి మార్పునూ ఐదు తరగతుల్లో ఒకదానిలో పెట్టాలి: హానికరం, బహుశా హానికరం, తేలనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది. మొదటి రెండు తరగతుల్లో ఉంటేనే వైద్యం మారుతుంది, అప్పుడే బంధువులకు పరీక్ష చేస్తారు. తేలనిదాన్ని పట్టుకుని మీ చెల్లెలికి పరీక్ష చేశారనుకోండి, ఉందని వచ్చినా లేదని వచ్చినా ఆమెకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఉందంటే ఊరికే టెన్షన్. లేదంటే అంతకంటే ప్రమాదం, 'నాకేం రాదులే' అని మామూలుగా చేయించుకోవాల్సిన పరీక్షలు కూడా పక్కన పెట్టేస్తారు.

ఇలా తేలనివి మనవాళ్ల రిపోర్టుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. పోల్చి చూసుకునే డేటా చాలావరకు యూరప్ మూలాలున్న జనాభాది. మన దగ్గర మామూలుగా కనిపించే మార్పు కూడా ఆ డేటాలో లేకపోతే అరుదైనదిగా, అనుమానించాల్సినదిగా కనిపిస్తుంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సుమారు పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలు తీసి, 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అలాంటివి పెరిగేకొద్దీ ఈ సమస్య తగ్గుతుంది. మళ్లీ పరిశీలించినప్పుడు వీయూఎస్‌లలో ఎక్కువ భాగం హానిలేని వైపుకే వెళ్తాయి. ఏ జీన్లు చూడాలో ముందు అనుకోకుండా వంద జీన్లు చూస్తే, తేలనివి కనీసం ఒకటో రెండో రావడం మామూలే. పెద్ద ప్యానెల్ (ఒకే పరీక్షలో కలిపి చూసే జీన్ల జాబితా) అంటే మెరుగైన పరీక్ష అని అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

మొదటి రిపోర్టులో 'నెగెటివ్' అన్నది కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. బ్రాకా జీన్లలో మార్పులు రెండు రకాలుగా ఉంటాయి. జీన్‌లోని డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటో రెండో మారడం, పోవడం ఒక రకం. జీన్‌లో ఒక పెద్ద ముక్క మొత్తంగా ఎగిరిపోవడమో, రెండుసార్లు రావడమో ఇంకో రకం. మామూలు సీక్వెన్సింగ్, అంటే ఆ అక్షరాలను వరసగా చదివే పరీక్ష, మొదటి రకాన్ని బాగా పడుతుంది. రెండో రకానికి ఎమ్‌ఎల్‌పీఏ అనే పరీక్ష విడిగా చేయాలి, లేదా సీక్వెన్సింగ్ డేటాలోనే దానికోసం ప్రత్యేకంగా వెతకాలి, అలా వెతికే పద్ధతి సరిగా పనిచేస్తుందని ల్యాబ్ ముందే రుజువు చేసుకుని ఉండాలి. రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో 'పరిమితులు' అనే భాగం ఉంటుంది. అక్కడ 'పెద్ద డిలీషన్లు, డూప్లికేషన్లు ఈ పరీక్షలో పట్టుబడవు' అని రాసి ఉంటే, అమ్మగారి బ్రాకా పరీక్ష ఇంకా పూర్తి కానట్టే. మొదటి పేజీలో పెద్ద అక్షరాల నెగెటివ్ చూసి చాలామంది ఆ చివరి పేజీ దాకా వెళ్లరు.

పేర్ల గొడవ ఒకటి ఉంది, అదీ చెప్పాలి. బ్రాకా1లో బాగా పేరున్న ఒక మార్పును పాత పద్ధతిలో 185డెల్‌ఏజీ అనేవారు. ఇప్పుడు అంతర్జాతీయ నామకరణం ప్రకారం సి.68_69డెల్‌ఏజీ అని రాస్తారు. యూరప్ మూలాలున్న అష్కనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించే మార్పు ఇది, మన దేశ కుటుంబాల్లోనూ కనిపించింది. రెండు పేర్లూ ఒకే మార్పువి. కానీ అక్కకు ఒక ఊళ్లో పాత పేరుతో, చెల్లెలికి ఇంకో ఊళ్లో కొత్త పేరుతో రిపోర్టు వస్తే, ఇద్దరికీ వేర్వేరు మార్పులు ఉన్నాయనుకునే డాక్టర్లు ఉన్నారు. అందుకే రిపోర్టులో ట్రాన్స్‌క్రిప్ట్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. ఏ ప్రతిని చూసి లెక్కపెట్టారో చెప్పకుండా స్థానం నంబరు ఇస్తే దానికి అర్థం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఒకే పద్ధతి అనగానే అందరూ మెషీన్ల గురించి మాట్లాడతారు. ఏ కంపెనీ సీక్వెన్సర్, ఎన్ని కోట్లు, ఏ జిల్లాలో పెడతారు అని. నా అనుభవంలో అన్నిటికంటే తేలిగ్గా కుదిరేది అదే. ఎవరికి పరీక్ష చేయాలి, ఏ జీన్లు చూడాలి, వచ్చినదాన్ని ఎలా చదవాలి, ఆ తర్వాత ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎవరు కబురు పెట్టాలి, వాళ్ల ఖర్చు ఎవరు భరించాలి అన్నవే కష్టం. ముఖ్యంగా ఆ చివరి రెండూ కుదరకపోతే మొదటి మూడూ చేసి పెద్ద ఉపయోగం లేదు.

ఇంగ్లండ్ ఉదాహరణ మీ చెల్లెలి వల్ల ఎలాగూ వచ్చింది కాబట్టి దాన్నే చూద్దాం. 2018కి ముందు అక్కడా ప్రాంతానికో తీరుగా ఉండేది. ఏ ఊళ్లో ఉన్నారన్నదాన్ని బట్టి మీకు పరీక్ష దొరుకుతుందో లేదో, ఎన్ని జీన్లు చూస్తారో మారిపోయేది. 2018లో అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో జీనోమిక్ మెడిసిన్ సర్వీస్ మొదలైంది. ల్యాబ్‌లన్నిటినీ కలిపి ఏడు హబ్‌లుగా చేశారు. దేశం మొత్తానికి ఒకే పరీక్షల జాబితా, నేషనల్ జీనోమిక్ టెస్ట్ డైరెక్టరీ అని పెట్టారు. అందులో ప్రతి పరీక్షకూ ఒక కోడ్ ఉంటుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల వంశపారంపర్య పరీక్ష కోడ్ ఆర్208. ఎవరికి చేయాలి, ఏ జీన్లు చూడాలి, ఎవరు రాయవచ్చు అన్నీ అందులోనే ఉంటాయి. మ్యూసినస్ రకం కాని హై గ్రేడ్ ఎపిథీలియల్ అండాశయ క్యాన్సర్ అయితే ఏ వయసులో వచ్చినా అర్హులే. మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వస్తే ఏ వయసైనా సరే. ట్రిపుల్ నెగెటివ్ రకం (కణితిలో చూసే మూడు మామూలు గుర్తులూ లేని రొమ్ము క్యాన్సర్) అయితే 60 ఏళ్ల లోపు. ఇలాంటి నిబంధనల్లోకి రాకపోయినా, కుటుంబ చరిత్ర లెక్కగడితే హానికరమైన మార్పు దొరికే అవకాశం 10 శాతం దాటితే చేస్తారు. ఆ 10 శాతం హద్దు 2013లో అక్కడ వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ పెట్టింది, అంతకుముందు 20 ఉండేది.

ఆ ప్యానెల్‌లో ఉన్నవి ఏడు జీన్లు: బ్రాకా1, బ్రాకా2, పాల్బ్2, చెక్2, ఏటీఎం, రాడ్51సి, రాడ్51డి. మీ వందకు పైగా జీన్ల రిపోర్టు పక్కన ఈ ఏడూ పెట్టి చూడండి. చెక్2, ఏటీఎం జీన్లలో కూడా ప్రోటీన్‌ను మధ్యలో తెగ్గొట్టే మార్పుల మీదే ప్రధానంగా దృష్టి పెడతారు. ఆ రెండింటివల్ల రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు రెండు మూడు రెట్లు పెరుగుతుంది, బ్రాకా1 స్థాయిలో కాదు. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం బ్రాకా1 ఉన్న మహిళల్లో 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 72 శాతం, అండాశయానికి 44 శాతం. బ్రాకా2కి అవి 69, 17. ఈ తేడా తెలియకుండా ఏటీఎం పేరు చూసి 'అండాశయాలు తీసేయిద్దాం' అనే మాట నేను ఒకటికి రెండుసార్లు విన్నాను. అదీ వీయూఎస్ మీద.

అక్కడ ఇంకో మంచి పని జరిగింది. పరీక్ష రాసే అధికారం జెనెటిక్స్ విభాగం చేతిలోనే పెట్టుకుంటే నెలల తరబడి క్యూ ఉంటుందని, లండన్‌లోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి వాళ్లు చిన్న శిక్షణ ఇచ్చి, క్యాన్సర్ డాక్టర్లు, నర్సులే అంగీకారం తీసుకుని శాంపిల్ పంపేలా చేశారు. హానికరమైన మార్పు దొరికినవాళ్లు జెనెటిక్స్ క్లినిక్‌కు వెళ్తారు. జన్యు కౌన్సెలర్లు మరీ తక్కువగా ఉన్న మనలాంటి చోట ఇంతకంటే వేరే దారి నాకు కనిపించదు.

అలాగని అక్కడ అంతా సాఫీగా ఉందని కాదు. పేగు క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ లించ్ సిండ్రోమ్ (పేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే వంశపారంపర్య స్థితి) కోసం కణితిని పరీక్షించాలని నైస్ 2017లోనే చెప్పింది. ఆదేశం వచ్చినా చాలామంది రోగులు దారి మధ్యలోనే ఆగిపోయారు. పాథాలజీ వాళ్లు పరీక్ష చేస్తారు, అసాధారణంగా ఉందని రాస్తారు, ఆ కాగితం ఫైల్లోకి పోతుంది, రక్త పరీక్షకు ఎవరూ పంపరు. చివరికి 2021లో ప్రత్యేకంగా ఒక జాతీయ కార్యక్రమం పెట్టి, ఆసుపత్రుల్లో దీనికి బాధ్యత తీసుకునే మనుషులను గుర్తించాల్సి వచ్చింది. రిపోర్టుల గడువులు కూడా అక్కడ తరచూ దాటిపోతుంటాయి.

మరి ఆ డైరెక్టరీని తెలుగులోకి దించుకుని మనం వాడుకోవచ్చా? మొత్తంగా కుదరదు. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పశ్చిమ దేశాల కంటే దాదాపు పదేళ్లు ముందు వయసులో కనిపిస్తుంది. మన జనాభాలో యువత వాటా ఎక్కువ కావడం దీనికి ఒక పెద్ద కారణం. అక్కడ రొమ్ము క్యాన్సర్ 40 ఏళ్ల లోపు వస్తే పరీక్ష అన్న హద్దు కొద్దిమందిని వేరుచేస్తుంది. ఇక్కడ అదే హద్దు పెడితే ఓపీలో చాలా ఎక్కువమంది దానికిందికే వస్తారు, వాళ్లలో హానికరమైన మార్పు దొరికేవాళ్ల శాతమూ పడిపోతుంది. వయసు హద్దు మన రోగుల డేటా చూసి మనమే పెట్టుకోవాలి.

కుటుంబ చరిత్ర మీద ఆధారపడే లెక్కలైతే ఇంకా చిక్కు. 'మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?' అని అడిగితే నూటికి తొంభైమంది లేదనే అంటారు. అలా అడగకూడదు. ఒక్కొక్కరి పేరూ అడగాలి. మీ అమ్మగారికి అక్కచెల్లెళ్లు ఎంతమంది, వాళ్లు ఎలా ఉన్నారు? అమ్మమ్మ ఏ వయసులో, ఎలా పోయారు? అప్పుడు వస్తుంది జవాబు: 'కడుపులో నీరు పట్టింది, రెండు మూడుసార్లు తీశారు, తర్వాత పోయింది.' అది లివర్ జబ్బు కావచ్చు, అండాశయ క్యాన్సరూ కావచ్చు. తర్వాత నాన్నగారి వైపు. మేనత్తల సంగతి అడగకపోతే ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఆడవాళ్ల క్యాన్సర్ తల్లి వైపు నుంచే వస్తుందని అందరి నమ్మకం. బ్రాకా మార్పు తండ్రి నుంచి కూడా సరిగ్గా అంతే, ప్రతి బిడ్డకూ సగం అవకాశంతో వస్తుంది. గ్రామాల్లో జబ్బుల ముప్పు ముందే కనిపెట్టడానికి ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా అనే ప్రశ్న ఉంది. కుటుంబ చరిత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం బీపీ, షుగరు, గుండెజబ్బుల గురించే అడుగుతుంది. అక్కడ ఇంకో గడి కలపడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మన రాష్ట్రాలకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి, గర్భసంచి ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలోనే ఆంధ్రప్రదేశ్‌లో అత్యధికం. తెలంగాణ కూడా పైవరసలోనే ఉంది. పిన్నికి 34 ఏళ్లకే గర్భసంచి తీశారంటే, దాంతోపాటు అండాశయాలు కూడా తీశారా లేదా? డిశ్చార్జ్ కాగితం ఉండదు, ఉన్నా అందులో స్పష్టంగా రాసి ఉండదు. తీసేసి ఉంటే ఆమెకు అండాశయ క్యాన్సర్ రాకపోవడం కుటుంబంలో మార్పు లేదనడానికి సాక్ష్యం కాదు. ఇంగ్లండ్‌లో తయారైన స్కోరు లెక్కలకు ఈ సంగతి తెలియదు. అందుకే మన దగ్గర కుటుంబ చరిత్ర అడగాల్సిన అవసరం లేని చోట మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

అంటే అండాశయ క్యాన్సర్ దగ్గర. హై గ్రేడ్ సీరస్ రకం (వేగంగా పెరిగే ఒక అండాశయ క్యాన్సర్) వచ్చిన ప్రతి మహిళకూ, కుటుంబంలో ఎవరికీ లేకపోయినా సరే, బ్రాకా పరీక్ష చేయాలి. ఈ రకంలో ఇంచుమించు ఆరేడుగురిలో ఒకరికి పుట్టుకతో వచ్చిన బ్రాకా మార్పు ఉంటుంది. ఆ ఫలితం వైద్యానికీ పనికొస్తుంది. ఓలాపరిబ్ లాంటి మందులు బ్రాకా మార్పు ఉన్నవాళ్లలో జబ్బు తిరిగి రావడాన్ని చాలాకాలం వాయిదా వేస్తాయని 2018లో పెద్ద ట్రయల్ చూపించింది. రెండోది, పేగు క్యాన్సర్‌కూ గర్భాశయ లోపొర క్యాన్సర్‌కూ పాథాలజీలోనే నాలుగు ప్రోటీన్ల ఐహెచ్‌సీ పరీక్ష, అంటే కణితి ముక్కకు రంగు పట్టించి ఆ ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూడటం. దీనికి సీక్వెన్సర్ అక్కర్లేదు, ఐహెచ్‌సీ చేసే ఏ పెద్దాసుపత్రిలోనైనా కుదురుతుంది. ఎమ్‌ఎల్‌హెచ్1, ఎమ్‌ఎస్‌హెచ్2, ఎమ్‌ఎస్‌హెచ్6, పీఎమ్‌ఎస్2 ప్రోటీన్లలో ఏది కనిపించకపోయినా అనుమానించాలి. ఎమ్‌ఎల్‌హెచ్1 లేకపోతే ముందు వంశపారంపర్యం కాని కారణాన్ని సూచించే గుర్తులు, పేగు క్యాన్సర్‌లో బీఆర్ఏఎఫ్ మార్పు, మిథైలేషన్, గర్భాశయ లోపొర క్యాన్సర్‌లో మిథైలేషన్ చూసి, అవి లేవని తేలితేనే రక్త పరీక్షకు పంపాలి. ఈ వరుస పాటిస్తే రక్త పరీక్షల సంఖ్య చాలా తగ్గుతుంది.

ఐహెచ్‌సీ అనగానే, కోసిన ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం డబ్బా గుర్తొస్తుంది. శనివారం సాయంత్రం పేగు ముక్క తీశారు. పెద్ద ముక్కను కోయకుండా చిన్న డబ్బాలో కుక్కి, అది మునిగీ మునగకుండా ఫార్మలిన్ పోసి, మంగళవారం దాకా థియేటర్ గట్టు మీద ఉంచారు. పైపొర గట్టిపడుతుంది, లోపల కుళ్లిపోతుంది. అలాంటి ముక్కలో ప్రోటీన్ నిజంగా లేదో, ముక్క పాడై రంగు పట్టలేదో చెప్పలేం. పక్కనున్న మామూలు కణాలకు కూడా రంగు పట్టలేదంటే ఆ స్లైడు పారేయాల్సిందే. బఫర్ కలిపిన పది శాతం ఫార్మలిన్, ముక్కకు పది రెట్లు పరిమాణం, ఆరు గంటలకు తగ్గకుండా మూడు రోజులు దాటకుండా. ఒకే పద్ధతి గురించి నన్ను ఎవరైనా అడిగితే సీక్వెన్సర్ కంటే ముందు ఈ డబ్బా గురించే చెబుతాను.

రక్తం అంత మొండికేయదు. ఊదారంగు మూత ట్యూబులో తీసిన రక్తం రెండు మూడు రోజులు ప్రయాణం చేసినా డీఎన్‌ఏకి ఏమీ కాదు. కాబట్టి శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో సీక్వెన్సర్ పెట్టాల్సిన పని లేదు, నమ్మకమైన కొరియర్ ఏర్పాటు చాలు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, కేంద్ర ప్రభుత్వ డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో డయాగ్నస్టిక్స్ ఉంది. క్యాన్సర్ వైద్యానికి ఎమ్ఎన్‌జే, విశాఖలో హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకటి రెండు ల్యాబ్‌లను ఎంచుకుని, ఒకే జీన్ల జాబితా, ఒకే రిపోర్టు నమూనా, ఏటా బయటినుంచి నాణ్యత పరీక్ష పెట్టడం అసాధ్యమేమీ కాదు. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని కొన్ని ఆసుపత్రులు కలిసి మందులను ఉమ్మడిగా కొని ధరలు బాగా తగ్గించాయి. పరీక్షలనూ అదే దారిలో కొనవచ్చు.

అసలు అడ్డంకి ఆ తర్వాత వస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ అయినా ఆసుపత్రిలో చేరిన రోగి చుట్టూ అల్లిన పథకాలు. జబ్బుకో ప్యాకేజీ, ఆపరేషన్‌కో రేటు. అమ్మకు బ్రాకా1 మార్పు ఉందని తేలిందనుకుందాం. ఆమె ముప్పై రెండేళ్ల కూతురికి ఏ జబ్బూ లేదు. ఆమె ఏ ప్యాకేజీలోకి వస్తుంది? తల్లిలో దొరికిన ఒక్క మార్పు కూతురికి ఉందో లేదో చూడటం వంద జీన్ల పరీక్ష కంటే ఎంతో చౌక. మార్పు ఉంటే ఏటా ఎమ్మారై, పిల్లలు పుట్టాక 35-40 మధ్య అండాశయాలు, ఫాలోపియన్ ట్యూబులు తీయించుకోవడం. ఈ క్యాన్సర్లు చాలావరకు ట్యూబు చివరి భాగంలోనే మొదలవుతాయి కాబట్టి తీసిన ట్యూబులను పాథాలజీలో పూర్తిగా సన్నని ముక్కలు చేసి చూడాలి, మామూలు ఆపరేషన్‌లో చేసినట్టు రెండు ముక్కలు చూసి వదిలేయకూడదు. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న మనిషికి చేసే ఖర్చులు. వీటికి పథకంలో చోటు పెట్టకుండా తల్లికి పరీక్ష మాత్రం ఉచితం అని ప్రకటిస్తే, మనం ఆ కుటుంబానికి ఇచ్చేది భయం మాత్రమే.

కబురు చెప్పేది ఎవరన్నది ఇంకో సంగతి. ఓపీలో ఆవిడతోపాటు భర్త, ఆడపడుచు, ఒక్కోసారి ఊరి పెద్దమనిషి కూడా కూర్చుంటారు. అందరిముందూ ఫలితం చెబితే, పెళ్లీడుకొచ్చిన కూతురి సంబంధం సంగతి అక్కడే చర్చకొస్తుంది. 'మా పిల్ల పేరు కాగితం మీద రాయకండి మేడం' అని బతిమాలిన తల్లులు ఉన్నారు. విడి గది, రోగి ఒక్కరే, తర్వాత ఆమె ఎవరిని పిలవమంటే వాళ్లు. బంధువులకు ఇవ్వడానికి తెలుగులో ఒక పేజీ ఉత్తరం, అందులో మార్పు పేరు, ఏ ఆసుపత్రికి వెళ్లాలో. దీన్ని కూడా పద్ధతిలో భాగంగా రాసుకోవాలి, డాక్టరు మంచితనానికి వదిలేయకూడదు. పద్దెనిమిది నిండని పిల్లలకు బ్రాకా పరీక్ష చేయకూడదు.

మేనరికాల గురించి ఇంగ్లండ్ కాగితాల్లో పెద్దగా ఉండదు, మనకు తప్పనిసరి. తల్లికి ఆమె తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి బ్రాకా2 మార్పు వచ్చిందనుకోండి. ఆమె కొడుక్కి ఉండే అవకాశం సగం. ఆమె తమ్ముడికి సగం, ఆ తమ్ముడి కూతురికి పావు. ఆ ఇద్దరికీ పెళ్లి చేస్తే ఇద్దరిలోనూ మార్పు ఉండే అవకాశం ఎనిమిదిలో ఒకటి. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు ప్రతులూ పాడై వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి బిడ్డకు ఎముక మజ్జ దెబ్బతినే ఫ్యాంకోనీ ఎనీమియా అనే జబ్బు వస్తుంది, పసితనంలోనే క్యాన్సర్ కూడా రావచ్చు. లించ్ జీన్లలో ఇదే జరిగితే పిల్లల్లో మెదడు కణితులు, రక్త క్యాన్సర్లు వస్తాయి. ఒంటిమీద కాఫీరంగు మచ్చలున్న బిడ్డకు మెదడు కణితి వచ్చి, తల్లిదండ్రులది మేనరికమైతే, పిల్లల డాక్టరు ఇది ఆలోచించాలి.

ఇన్సూరెన్స్ గురించి కూడా అడిగారు. ఆరోగ్య బీమాలో 'జన్యు వ్యాధులు' అని మొత్తంగా మినహాయించడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు అంది, ఆ తర్వాత బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా బీమా కంపెనీలకు ఆదేశాలిచ్చింది. కానీ జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మనకు లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న మీ చెల్లెలి పరిస్థితి మెరుగు. అక్కడ ప్రభుత్వానికీ బీమా సంస్థలకూ ఒప్పందం ఉంది. ముందస్తు జన్యుపరీక్ష ఫలితాల్లో ఐదు లక్షల పౌండ్లు దాటిన జీవిత బీమాకు హంటింగ్టన్ జబ్బు (వంశపారంపర్య మెదడు జబ్బు) ఫలితం ఒక్కటే అడగవచ్చు.

ఇక మీరు చేయాల్సింది. అమ్మగారి బయాప్సీ రిపోర్టులో హై గ్రేడ్ సీరస్ అని ఉందా చూడండి. రెండో ల్యాబ్‌కు మెయిల్ రాసి, బ్రాకా1, బ్రాకా2లలో పెద్ద డిలీషన్లు, డూప్లికేషన్లు చూశారా, ఏ పద్ధతిలో చూశారు అని రాతపూర్వకంగా అడగండి. చూడలేదంటే ఎమ్‌ఎల్‌పీఏ ఒక్కటి చేయించండి, మళ్లీ కొత్త ప్యానెల్ వద్దు. ఏటీఎం వీయూఎస్‌ను ఏడాదికోసారి మళ్లీ పరిశీలిస్తారా అని అదే మెయిల్‌లో అడగండి, చాలా ల్యాబ్‌లు అడిగితేనే చేస్తాయి. అమ్మగారి డీఎన్‌ఏ ల్యాబ్‌లో ఎన్నాళ్లు ఉంచుతారో కనుక్కుని, ఇంకొంత కాలం దాచమనండి. చెల్లెలు తన జీపీకి, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరుకు, బయాప్సీ రిపోర్టు, రెండు జన్యు రిపోర్టుల పూర్తి పేజీలు ఇవ్వాలి, మొదటి పేజీ ఫొటో సరిపోదు. బ్రాకా పరీక్ష పూర్తిగా నెగెటివ్ అని తేలితే, ఆమెకు మిగిలిన ముప్పు కుటుంబ చరిత్రను బట్టి వాళ్లే లెక్కగడతారు. ఎమ్‌ఎల్‌పీఏలో ఏదైనా దొరికితే మాత్రం మీరు, చెల్లెలు, మీ మేనమామలు, పిన్నులు అందరూ ఆ ఒక్క మార్పు కోసం పరీక్ష చేయించుకోవాల్సి ఉంటుంది. అప్పటిదాకా ఆ ప్రతినిధి తెచ్చిన ఫ్యామిలీ ప్యాకేజీ ఫారం మీద ఎవరూ సంతకం పెట్టకండి.